గొంపవారి కారు, కారిపోయిన కరెంటు

చోడవరంలో గొంపవారిల్లు ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. చూపిస్తూ కాస్త నవ్వుతారు కూడా. ఆ నవ్వు గౌరవం కొద్దీ వచ్చేదని గొంపవారి అన్నదమ్ములు ముగ్గురికీ గట్టి నమ్మకం. పెద్దవాడు గవర్రాజు, నడిపివాడు సన్నాసిరావు, చిన్నవాడు కొండలరావు.

"ఈ ఊళ్ళో జనం మాట వింటారు గానీ, మాటలో ఏముందో వినరు. మనం అలా కాదు. ఒక్క అక్షరం కూడా కింద పడనివ్వం," అనేవాడు గవర్రాజు భోజనాల దగ్గర.

"అవునన్నయ్యా. కిందటేడు డాక్టరు నన్ను నాలుక చాపమన్నాడు. మళ్ళీ లోపల పెట్టుకోమనలేదు. సాయంత్రం దాకా చాపే ఉంచాను," అనేవాడు సన్నాసిరావు.

"అంత ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది," అని గవర్రాజు భార్య మంగతాయారు ఇంకో గరిటెడు పప్పు వడ్డించేది.

కొండలరావుకి మాత్రం లోపల ఒక దిగులుండేది. ఎన్ని సంబంధాలు చూసినా పెళ్ళిచూపుల్లో ఏదో ఒక మాట దగ్గర తేడా కొట్టేది. "అబ్బాయి చేతిలో ఏమైనా ఉందా?" అని ఒక పెద్దాయన అడిగితే, గుప్పిట విప్పి జంతిక ముక్క చూపించాడు. ఆ సంబంధం అక్కడితో సరి. చివరికి మాడుగులలో వరహాలనే పిల్లని చూడ్డానికెళ్ళారు. ఆ పిల్లే తలెత్తి, "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగింది.

"ప్రస్తుతానికి కూచున్నానండి," అన్నాడు కొండలరావు.

వరహాలు పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వాపుకోలేక లోపలికెళ్ళిపోయి, అక్కణ్ణుంచే ఇష్టమేనని కబురు పంపింది. ఆ నవ్వు కొండలరావు చెవిలో ఉండిపోయింది. ఎక్కడ జారిపోతుందోనని కొన్నాళ్ళు చెవిలో దూది పెట్టుకుని తిరిగాడు.

పిల్ల తండ్రి అప్పలస్వామి కోరింది ఒక్కటే. "కట్నాలూ కానుకలూ ఏమీ వద్దు గానీ, పెళ్ళికొడుకు మా వీధిలో కారు దిగాలి."

అంతే. గవర్రాజు అనకాపల్లి వెళ్ళి పాత తెల్లకారొకటి కొనుక్కొచ్చాడు. "పాతదైనా బండి రాయిలా ఉంటుంది," అన్నాడు అమ్మినాయన. మర్నాడు పొద్దున్నే తాళం తిప్పితే బండి నిజంగా రాయిలాగే ఉంది. ఇంజను కదల్లేదు, లైటు వెలగలేదు, హారను కుయ్యిమనలేదు.

"అమ్మినాయన నిజాయితీపరుడురా. చెప్పింది చెప్పినట్టే ఇచ్చాడు," అని గవర్రాజు మెచ్చుకున్నాడు.

ఆ మెచ్చుకోలు కొండలరావుకి అంతగా రుచించలేదు. పెళ్ళి దగ్గర పడుతోంది. వాడి బలవంతం మీద ముగ్గురూ కలిసి కారుని తోసుకుంటూ మెకానిక్ ఆదినారాయణ షెడ్డుకి బయల్దేరారు. దారిలో ఎదురింటాయన, "ఏం గవర్రాజూ, ఎలా ఉన్నారు?" అని పలకరించాడు.

"ఏదో నెట్టుకొస్తున్నాం," అన్నాడు గవర్రాజు రొప్పుతూ.

ఆదినారాయణ బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించాడు. కారు బుర్రుమని లేచింది. మర్నాడు పొద్దున్నకి మళ్ళీ పడుకుంది. మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ పడుకుంది.

"బ్యాటరీ మంచిదే బాబూ," అన్నాడు ఆదినారాయణ బుర్ర గోక్కుంటూ. "పగలు బాగానే ఉంటోంది, తెల్లారేసరికి ఖాళీ అయిపోతోంది. ఎక్కడో కరెంటు లీకవుతోంది. ఈలోగా ఇంటికి తీసుకెళ్ళండి, తీరిక చూసుకుని వచ్చి వెతుకుతాను."

ఇంకేముంది. ఇంటికి రాగానే మంగతాయారు అటక మీదున్న గంగాళం దింపింది. సన్నాసిరావు బిందెలూ, చెంబులూ, ఆఖరికి ఉగ్గుగిన్నె కూడా తెచ్చి కారు కింద వరసగా సర్దాడు.

"ప్లాస్టిక్ బకెట్టు పెట్టకురా. దాన్లోకి కరెంటు దిగదు. ఇత్తడివే పెట్టు," అన్నాడు గవర్రాజు.

"కారిందంతా పట్టుకుంటే పొద్దున్నే మళ్ళీ పోసేసుకోవచ్చు. ఆ మెకానిక్కి ఇంత చిన్న సంగతి తట్టలేదు చూశారా," అంది మంగతాయారు.

పొద్దున్న చూస్తే గంగాళంలో అడుగున కాసిని నీళ్ళున్నాయి. అవి ఇంజను నీళ్ళ డబ్బాలోంచి కారిన నీళ్ళని వాళ్ళకి ఎవరు చెప్పాలి. సన్నాసిరావు భయంభయంగా వేలు ముంచాడు.

"షాకు కొట్టట్లేదన్నయ్యా. చల్లగా ఉంది."

"రాత్రంతా బయటుంది కదా, చల్లారిపోయుంటుంది. వెచ్చబెట్టి పోస్తే సరి," అంది మంగతాయారు.

అంతే. గంగాళం పొయ్యెక్కింది. నీళ్ళు సలసలా కాగాక నలుగురూ కలిసి బ్యాటరీ నెత్తిన పోశారు. ఎక్కడో చిటుక్కుమంది. కాస్త పొగొచ్చింది.

"చూశారా, పాపం ఎంత ఆవురావురుమంటూ తాగిందో," అంది మంగతాయారు.

ఆ మధ్యాహ్నం ఆదినారాయణ వచ్చి బానెట్టు ఎత్తి చూశాడు. తర్వాత మెల్లిగా, "ఏం పోశారు?" అని అడిగాడు.

"మేం బయటిదేమీ పోయలేదు. దాని కరెంటు దానికే పోశాం," అన్నాడు గవర్రాజు.

ఆదినారాయణ అంతా తుడిచి, కాలిపోయిన ఫ్యూజులు మార్చాడు. వెళ్ళబోతూ, "ఇంజనుకి ఎర్త్ కూడా సరిగ్గా అందట్లేదు. ఎర్త్ గట్టిగా ఇవ్వాలి. రేపొచ్చి ఇస్తాను," అన్నాడు.

ఆయన గుమ్మం దాటగానే గవర్రాజు భార్య వైపు చూశాడు. ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా చదివింది ఆవిడే.

"ఎర్త్ అంటే భూమి. మాకు పరీక్షలో కూడా వచ్చింది," అంది మంగతాయారు.

"ఓస్, భూమేనా? దానికి ఆయన రావడమెందుకు? మన పెరట్లో లేదా?"

ఇంకేముంది. గునపం ఒకరు, పార ఒకరు, బుట్ట ఒకరు అందుకున్నారు.

"ఎర్రమట్టి వేద్దామా, నల్లమట్టి వేద్దామా?" అని సన్నాసిరావు అడిగాడు.

"రెండూ వేద్దాం. దానికి ఏది పడితే అది తీసుకుంటుంది," అన్నాడు గవర్రాజు.

బానెట్టు ఎత్తి ఇంజను నిండా మట్టి పోశారు. గట్టిగా ఇవ్వాలన్నాడు కాబట్టి రోకలితో దిమ్మెస కొట్టారు. పైన చదునుగా, చక్కగా వచ్చింది. అంత మంచి మట్టి ఊరికే ఉండడమెందుకని మంగతాయారు గుప్పెడు ధనియాలు చల్లి, చేత్తో నీళ్ళు చిలకరించింది. పెళ్ళికి కొత్తిమీర కూడా కలిసొస్తుందని ఆవిడ ఆలోచన.

మర్నాడు ఆదినారాయణ బానెట్టు ఎత్తాడు. చూశాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు. చివరికి అరుగు మీద కూలబడి, "నాకేం తోచట్లేదు బాబూ," అన్నాడు.

"మీరు తోయక్కర్లేదండీ. తోయడానికి మేం ముగ్గురం ఉన్నాం," అని సన్నాసిరావు ఆయన భుజం తట్టి ధైర్యం చెప్పాడు.

కొండలరావుకి మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మాడుగుల వీధిలో వరహాలు నిలబడి ఎదురు చూస్తున్నట్టూ, తను రాకపోయేసరికి ఆ నవ్వు మొహం ముడుచుకుపోయినట్టూ కళ్ళకి కట్టింది. ఆదినారాయణ దగ్గరికెళ్ళి, "నేను కారు దిగకపోతే ఆ పిల్ల తండ్రి ఏమంటాడోనండీ. ఎలాగైనా మమ్మల్ని అక్కడిదాకా చేర్చండి," అని చేతులు పట్టుకున్నాడు. ఆదినారాయణ మనసు కరిగింది. కూచుని మట్టంతా తవ్వి, కడిగి, ఆరబెట్టి, వైర్లు బిగించాడు. పెళ్ళిరోజు పొద్దున్నే తనే వచ్చి, అందరిచేతా తోయించి బండి లేపాడు.

"నాకు దొరకని లీకు ఇంకా ఎక్కడో ఉంది. ఇంజను ఆగిందా, మళ్ళీ లేస్తుందని నమ్మకం లేదు. అందుకని ఏం జరిగినా సరే, ఎవరు చెప్పినా సరే, బండి ఆపకండి," అని గవర్రాజుకి మరీ మరీ చెప్పాడు.

గవర్రాజు ఆ మాటని మనసులో అక్షరం అక్షరం దాచుకున్నాడు.

గవర్రాజు నడపగా కారు మాడుగుల చేరింది. పందిట్లో సన్నాయి మొదలైంది. ముత్తయిదువలు హారతి పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చారు. కారు వాళ్ళ ముందునుంచి మెల్లిగా వెళ్ళిపోయింది. వీధి చుట్టి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళిపోయింది.

"అన్నయ్యా, పందిరి వెనకబడిపోతోంది," అన్నాడు కొండలరావు.

"మళ్ళీ ముందుకొస్తుందిలేరా. ఆపొద్దన్నాడు."

అప్పలస్వామి పంచె ఎగ్గట్టి కారు పక్కనే పరిగెత్తాడు. "అయ్యా, ముహూర్తం దాటిపోతోంది. బండి ఆపండి."

"అలా ఎవరన్నా చెప్పినా వినొద్దని కూడా అన్నాడండీ," అన్నాడు గవర్రాజు వినయంగా.

వరహాలు పందిట్లో బాసికంతో నిలబడి ఉంది. మొదటిసారి కారు వెళ్ళినప్పుడు తెల్లబోయింది. రెండోసారి కొండలరావు కిటికీలోంచి నీళ్ళు నిండిన కళ్ళతో దణ్ణం పెట్టడం చూసింది. మూడోసారి కారు వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, నాలుగడుగులు పరిగెత్తి, వెనక తలుపు తీసుకుని ఎక్కేసింది.

ఇంకేముంది. పంతులుగారు మంత్రాలు చదువుతూ కారు వెంట పడ్డారు. కారు పందిరి ముందుకొచ్చినప్పుడల్లా సన్నాయి వాళ్ళు వాయించారు, వెళ్ళిపోగానే మంచినీళ్ళు తాగారు. చుట్టాలు కారు కిటికీల్లోంచి లోపలికి అక్షింతలు విసిరారు. మూడు ముళ్ళకీ మూడు వీధులు పట్టింది.

"మీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది వరహాలు.

"మీరు ఎక్కకపోయుంటే వేసేదండి," అన్నాడు కొండలరావు.

పెట్రోలు అయిపోయాక కారు సరిగ్గా భోజనాల పందిరి ముందు ఆగింది. "మేం ఆపలేదు. అదే ఆగింది. అందరూ సాక్ష్యం," అన్నాడు గవర్రాజు దిగుతూ.

భోజనాలయ్యాయి. ఎవరో పెట్రోలు తెచ్చి పోశారు. ఎండ ఇంకా తగ్గలేదు. వరహాలు తన పెట్టె సర్దడానికని కొండలరావుచేత తాళం తీయించి డిక్కీ తెరిపించింది. ఆ డిక్కీ గదంత ఉంది. లోపల మూలన చిన్న బల్బు వెలుగుతోంది. ఆ పిల్ల దాన్నే చూస్తూ నిలబడింది.

"డిక్కీ మూశాక ఇది ఆరుతుందా?" అని అడిగింది.

ముగ్గురూ డిక్కీలోకి తొంగిచూశారు. మూసిన డిక్కీలో ఏం జరుగుతుందో ఎవరికి తెలుసు.

"ఆరకపోతే రాత్రంతా వెలిగి బ్యాటరీని పీల్చేసేది ఇదే అయ్యుంటుంది. ఎవరన్నా లోపల కూచుని చూస్తే తెలిసిపోతుంది," అని నవ్వేసి, అమ్మకి చెప్పి రావడానికి ఇంట్లోకెళ్ళింది.

"విన్నారా? ఎవరన్నా కూచోవాలంది," అన్నాడు సన్నాసిరావు.

"ఎవరన్నా అంటే అన్నే కదా. పెద్దన్నని నేను," అని గవర్రాజు లోపలికెక్కాడు.

"వీడికి నేనూ అన్ననే," అని సన్నాసిరావు ఎక్కాడు.

"చెప్పింది నా భార్య," అని కొండలరావు కూడా ఎక్కి, పైనున్న మూతని గట్టిగా లాక్కున్నాడు. టక్కుమని పడింది.

"నాకు వెలుగుతోంది," అన్నాడు గవర్రాజు.

"నాకూ వెలుగుతోంది," అన్నాడు సన్నాసిరావు.

"అయితే ఇదే లీకు," అన్నాడు కొండలరావు. వాడి గుండె పొంగిపోయింది. మెకానిక్కి దొరకని దాన్ని తన పెళ్ళాం ఒక్క చూపుతో పట్టేసింది. వెంటనే బల్బు తిప్పి ఊడదీసి జేబులో వేసుకున్నాడు. జేబులో ఏదో గల్లుమంది. కారు తాళంచెవులు. పోకుండా తన దగ్గరే ఉన్నందుకు సంతోషించాడు.

కాసేపటికి బయట గాజుల చప్పుడైంది. డిక్కీ మీద ఎవరో వేళ్ళతో తట్టారు.

"ఏవండీ," అంది వరహాలు గొంతు. "లోపల ఎవరన్నా ఉన్నారా?"

కొండలరావు కళ్ళు చికిలించి అటూ ఇటూ బాగా చూశాడు.

"చీకటిగా ఉందండీ. ఎవరూ కనబడట్లేదు," అన్నాడు.