నడిమిల్లు దగ్గర చిలక

ఆ రిమోట్లు కాసేపు కింద పెట్టండర్రా. నలుగురాడే ఆటలో నాలుగో స్థానం నాదేనని ఒప్పేసుకున్నాను కదా, ఇంకెందుకు నన్ను నీళ్ళలోకి తోస్తారు? నేను గెంతాలనుకుని నొక్కిన బొత్తం పడుకోవడానికని నాకేం తెలుసు? సరే, టీవీలో ఆ గవ్వల దీవిని అలాగే ఉండనివ్వండి. గళ్ళు గళ్ళుగా ఉన్న ఆ దీవి మీద ఒక చిలక ఎగురుతోంది చూశారా? మీరు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో గడిలో వాలుతుంది. దాని కింద ఒక గడ్డం ముసలాడు ఆయాసపడుతూ పరుగెడుతున్నాడు. వాడెవడో మీ ఆటలో రాయలేదు. నేను చెబుతాను, ఊఁ కొట్టండి.

రాజు లేకుండా కథ మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి, గాజులకోటలో ఒక రాజున్నాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు. రెండోవాడు ధీరకేతు. మూడోవాడు పుట్టేసరికి రాజుగారి దగ్గర గొప్ప పేర్లు అయిపోయాయి, ఉత్త చిన్నయ్య అన్నారు.

ఆ ముగ్గురూ, ఏనుగుల మావటి కూతురు సంపెంగీ రోజూ మధ్యాహ్నం కోట మేడ మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. నాలుగు గవ్వలు వేస్తే, వెల్లకిలా పడినవి ఎన్నో అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. అవి పడితే మళ్ళీ వెయ్యొచ్చు. కానీ వరుసగా మూడుసార్లు అవే పడితే అన్నీ రద్దు, కాయ కదలకూడదు. బయటి వరసంతా తిరిగి, ఒక్క కాయనైనా చంపి, లోపలి వరసలోకి దూరి, నడిమింట్లోకి చేరితే కాయ పండినట్టు.

ఒక మధ్యాహ్నం సంపెంగి చివరి కాయ నడిమింటికి ఒక్క గడి దూరంలో ఆగింది. ఒకటి పడాలి. మీరు ఎప్పుడైనా ఆడారో లేదో, కావాలన్నప్పుడు ఆ ఒకటి పడదు. ఎనిమిది పడుతుంది, మూడు పడుతుంది, ఒకటి మాత్రం పడదు.

"నీ కాయ ముసలిదైపోతుందే గాని పండదు," అన్నాడు చిన్నయ్య.

"నువ్వు నోరు పెట్టకు, అందుకే పడటం లేదు," అని సంపెంగి తను కొరకబోయిన జామకాయ వాడి చేతిలో పెట్టింది. "ఇది కూడా పచ్చిదే. పండాక చెరిసగం తిందాం. దాచు."

అప్పుడు మెట్ల దగ్గరనుంచి ఒక గొంతు వినిపించింది. "నన్ను కూడా కలుపుకోరూ?"

గడ్డం ముసలాడు. మెడలో గవ్వల దండలు. గవ్వలమారి అనే మాంత్రికుడు వాడే. ఎవరితో ఆడినా మాయ చేసి గెలుస్తాడు కాబట్టి లోకంలో వాడితో ఎవరూ ఆడరు.

"నలుగురం సరిపోయాం తాతా. ఈ ఆట అవ్వనీ," అంది సంపెంగి.

పాపం, కూర్చున్నాడు. ఆమెకు ఒకటి పడలేదు. కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చున్నాడు. ఒకటి పడలేదు. మళ్ళీ ఆమె వంతు వచ్చి గవ్వలు తీయబోతుంటే ముసలాడికి ఒళ్ళు మండింది. "మీ ఆట అయ్యేది కాదు, నా ఆటకే రండి," అని గుప్పిట మూశాడు. సంపెంగి పసుపుపచ్చ కాయై ఆ గుప్పిట్లో పడింది. ముసలాడు మాయమయ్యాడు.

వీరకేతు కత్తి పట్టుకుని బయలుదేరాడు, తిరిగి రాలేదు. ధీరకేతు రెండు కత్తులు పట్టుకుని బయలుదేరాడు, తిరిగి రాలేదు. మూడోవాణ్ణి రాజు కదలనివ్వలేదు.

చిన్నయ్య ఏం చేశాడు? మేడ మీది గళ్ళకు కాపలా కాశాడు. ఎవర్నీ ఊడవనివ్వలేదు. వాన వస్తే గొడుగు తెచ్చి, తను తడుస్తూ సుద్దగీతలకు పట్టాడు. కాయలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె వంతు ఆమెకే ఉంది. ఆమె ఇచ్చిన జామకాయ మాత్రం విచిత్రం, నెలలు గడిచినా కుళ్ళలేదు, వాడలేదు, పండలేదు. అలాగే పచ్చిగా, గట్టిగా ఉంది. రోజూ వాసన చూసేవాడు. పచ్చి వాసనే.

చివరికి ఒకరోజు ఆట గవ్వలు నాలుగూ, జామకాయా మొలలో దోపుకుని, గొడుగు తండ్రి చేతికిచ్చాడు. "నాన్నగారూ, వాన వస్తే ఇది పట్టుకోండి. నేను వెళ్ళొస్తాను."

రాజు గొడుగు వంక చూశాడు, గళ్ళ వంక చూశాడు, కొడుకు ముఖం చూశాడు. "గాలివాన వస్తేనో?" అన్నాడు.

"అడ్డంగా పట్టుకోండి."

సముద్రపు ఒడ్డున నాలుగు పిల్లపీతలు వణుకుతూ కనిపించాయి. "మా గుల్లలు కెరటం ఎత్తుకుపోయింది అన్నా. నీ దగ్గర గవ్వలున్నాయట. మీ పెద్దన్నను తెచ్చిపెట్టమని అడిగితే రాజుల గవ్వలు పీతలకా అన్నాడు. రెండో అన్ననడిగితే తొక్కబోయాడు."

చిన్నయ్య నాలుగు గవ్వలూ ఇసుకలో పెట్టాడు. అవి సంపెంగి ఆడిన గవ్వలే. పీతలు సంబరంగా దూరాయి. "మేం లోపలుంటాం అన్నా. వెల్లకిలా అంటే వెల్లకిలా పడతాం, బోర్లా అంటే బోర్లా పడతాం. మామయ్యా, ఈ అన్నను గవ్వలమారి దీవికి తీసుకెళ్ళు."

మామయ్య అంటే తాబేలు. పీతలకు తాబేలు మేనమామ ఎలా అయిందని అడక్కండి, మా ఇంటి చుట్టరికాలే నాకింతవరకూ అంతుపట్టలేదు.

తాబేలు మొదటి సముద్రం దాటింది. "ఇంకెంత దూరం మామా?" అంటే, "ఇప్పుడే కదా నాయనా బయలుదేరాం" అంది. చిన్నయ్య జామకాయ తీసి చూశాడు, పచ్చిదే. రెండో సముద్రం దాటింది. "ఇంకెంత దూరం మామా?" "ఇప్పుడే కదా నాయనా బయలుదేరాం." జామకాయ పచ్చిదే. ఇలా ఏడు సముద్రాలు. నేను ఏ సముద్రమూ చూసినవాణ్ణి కాదు, కాబట్టి అన్నీ ఒకేలా ఉన్నాయని చెప్పి ఊరుకుంటాను. కానీ ఎదురుచూసేవాడికి కూడా అన్నీ ఒకేలానే ఉంటాయి.

దీవి దగ్గరపడ్డాక తాబేలు చెప్పింది. "ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది. చిలక వాలిన గడే నడిమిల్లు. చేతికి దొరికితే మెడ తిప్పెయ్. ఇంకోటి విను. అక్కడ లోపలి వరసలోకి పోవాలంటే ఎవరో ఒకర్ని చంపాలి. చంపినవాళ్ళు వచ్చిన పని మరిచిపోతారు."

దీవంతా గళ్ళే, ఆడేవాళ్ళే కాయల్లా వాటి మీద నడవాలి. ఒక్కో గడి ఒక్కో చాపంత. వాటిల్లో మనిషెత్తు కాయలు నిలబడి ఉన్నాయి, అన్నీ ఒకప్పుడు మనుషులే. గవ్వలమారి ఎదురొచ్చి చిన్నయ్యను వాటేసుకున్నంత పని చేశాడు.

"రా నాయనా రా. ముగ్గురమే ఉన్నాం, నాలుగో చెయ్యి లేక ఆట చప్పగా ఉంది."

ఆ ముగ్గురిలో ఇద్దరు ఎవరనుకున్నారు? వీరకేతు, ధీరకేతు. చిన్నయ్య పరుగెత్తుకెళ్ళి, "అన్నయ్యా," అన్నాడు.

వీరకేతు తల కూడా ఎత్తలేదు. "ఎవరబ్బాయివోయ్ నువ్వు? పక్కకు జరుగు, నా వంతు." ఇద్దరూ చంపినవాళ్ళే. లోపలి వరసలో చిలక వెంట తిరుగుతున్నారు. దగ్గరికి రాగానే ముసలాడు ఈల వేస్తాడు, చిలక ఎగిరి ఇంకో గడిలో వాలుతుంది, నడిమిల్లు అక్కడికి మారుతుంది. వీళ్ళు మళ్ళీ మొదలు. ఎందుకు తిరుగుతున్నారో వాళ్ళకే తెలియదు. గెలవాలని మాత్రం తెలుసు.

ఒక్కో చుట్టు అయ్యాక ముసలాడు అందరితో చిన్నచిన్న పందాలు పెట్టేవాడు. ఒకసారి నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ, పరుగు. ఒకసారి గోనెసంచిలో గెంతడం. ఒకసారి కళ్ళకు గంతలు కట్టుకుని కుండ కొట్టడం. గెలిచినవాడికి ఇంకోసారి వేసే వంతు. మూడింట్లోనూ చిన్నయ్యది నాలుగో స్థానం. కుండ అనుకుని ముసలాడి నెత్తి మీద కొట్టాడు కూడా. నాకు ఈ కుర్రాడంటే అందుకే ఇష్టం.

బయటి వరసలో, గీతలు కొట్టిన ఒక గడిలో, పసుపుపచ్చ కాయ ఉంది. గీతలు కొట్టిన గడిలో ఎవరూ ఎవర్నీ చంపలేరు. చిన్నయ్య ఆ గడిలో అడుగు పెట్టగానే సంపెంగి పూల వాసన వేసింది.

"సంపెంగీ."

కాయ కాయగానే ఉంది. చెయ్యి వేసి చూస్తే ఎండ తగిలిన గోడలా వెచ్చగా ఉంది.

"ఎంతసేపు, వెయ్యి," అన్నాడు ధీరకేతు. ఆట నియమం, గవ్వలు పడితే కదలాలి. చిన్నయ్య కదిలాడు.

త్వరగా చుట్టు తిరిగి మళ్ళీ ఆమె దగ్గరికి రావాలని పీతలతో, "పెద్దవి వెయ్యండి," అన్నాడు. పీతలు అష్టలూ చెమ్మలూ వేశాయి. అంత త్వరగానూ ఆ గడికి వచ్చాడు, అంత త్వరగానూ దాటిపోయాడు. రెండోసారి వచ్చాడు, దాటిపోయాడు. మూడోసారి చెయ్యి ఆమె మీద వేసేలోపే వంతు వచ్చి దాటిపోయాడు. గెలిచే గవ్వలున్నాయి గాని నిలబెట్టే గవ్వలు లేవు.

అప్పుడు వాడికి మేడ మీద ఆట గుర్తొచ్చింది. వరుసగా మూడుసార్లు పడితే రద్దు. అది పడితే ఆడేవాళ్ళంతా తల బాదుకుంటారు.

నాలుగో చుట్టులో ఆమె పక్కకు చేరి పీతల చెవిలో చెప్పాడు. పీతలకు చెవులుంటాయా అంటారా? ఉంటాయనుకోండి. చెమ్మ పడింది. మళ్ళీ వేశాడు, అష్ట. మళ్ళీ వేశాడు, చెమ్మ.

"రద్దు," అని అన్నలిద్దరూ పగలబడి నవ్వారు. "పాపం, కదల్లేడు."

చిన్నయ్య కదల్లేదు. మళ్ళీ వంతు వచ్చింది, మళ్ళీ రద్దు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ రద్దు. దీవంతా నవ్వుతోంది. వాడు సంపెంగి పక్కన కూర్చుని మేడ మీది కబుర్లు చెబుతున్నాడు. "నీ కాయ ఇంకా అక్కడే ఉంది. నీ వంతు ఎవరికీ ఇవ్వలేదు. వాన వస్తే నాన్నగారు గొడుగు పడుతున్నారు, అడ్డంగా పట్టమని చెప్పాను."

చెబుతూ చెబుతూ మొలలో ఏదో మెత్తగా తగిలితే చూసుకున్నాడు. జామకాయ దోరగా మారింది. ఇంకో వంతు రద్దయ్యేసరికి పసుపెక్కింది. ఇంకో వంతుకు దాని వాసన గళ్ళన్నీ దాటి చిలక దాకా వెళ్ళింది.

చిలక మెడ సాచింది. "ఏమిటది?"

"జామపండు," అన్నాడు చిన్నయ్య.

"పండా? కాయ పండగానే నీకు పండు పెడతానని ఈ ముసలాడు మాటిచ్చాడు. ఏ కాయనీ పండనివ్వడు. నేను పండు రుచి మరిచిపోయాను."

గవ్వలమారి ఈల వేశాడు. చిలక వినలేదు. రెండోసారి వేశాడు, మూడోసారి వేశాడు. చిలక రివ్వున వచ్చి చిన్నయ్య చేతి మీద, ఆ గడిలోనే వాలింది.

చిలక వాలిన గడే కదా నడిమిల్లు. సంపెంగి అడుగైనా వేయలేదు. నడిమిల్లే ఆమె దగ్గరికి వచ్చింది. కాయ పండింది. పసుపుపచ్చ కాయ ఉన్నచోట సంపెంగి నిలబడి కళ్ళు నులుముకుంటోంది. దీవి మీది కాయలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పండి మనుషులయ్యాయి.

వీరకేతు తమ్ముణ్ణి తేరిపార చూశాడు. "ఒరేయ్ చిన్నయ్యా, ఇంత నల్లబడ్డావేంట్రా? అమ్మ నన్ను తిడుతుంది." ధీరకేతు ముఖం తిప్పుకున్నాడు.

గవ్వలమారి మోకాళ్ళ మీద పడ్డాడు. "నాయనా, దాని మెడ తిప్పకు. ఎవరూ ఆడనివ్వలేదనే కదా నేను ఇదంతా చేశాను."

చిన్నయ్య సంపెంగి వంక చూశాడు.

"తిననివ్వు, ఆకలి మీదుంది," అంది సంపెంగి. తర్వాత పండు వంక చూసి, "సగం అన్నాను గుర్తుందా?" అంది. చిలకకు సగం, వాళ్ళిద్దరికీ మిగిలిన సగంలో చెరిసగం.

తిన్న చిలక ఎగిరిపోయింది. దానితో పాటు ముసలాడి ప్రాణం కూడా. అది దూరమైతే వాడికి ఊపిరాడదు, అందుకని కిందే పరుగెడుతున్నాడు. చిలక వాలినప్పుడు కూర్చుని, ఎగిరినప్పుడు లేస్తాడు. మీ టీవీలో పరుగెత్తేవాడు వాడే. చివరికి వాడికి ఆడేవాళ్ళు దొరికారు, మీరే. కాస్త దయగా ఆడండి.

ఏడు సముద్రాలు తిరిగి దాటారు. అంతమందిని తాబేలు ఒక్కటే ఎలా మోసిందంటే, చాలాసార్లు తిరిగింది. పీతలు కొత్త గుల్లలు వెతుక్కుని గవ్వలు తిరిగిచ్చేశాయి. కోటలో జోరున వాన. మేడ మీద రాజు నిలువునా తడిసి, గొడుగు అడ్డంగా పట్టుకుని కూర్చున్నాడు. సుద్దగీతలు పొడిగా ఉన్నాయి. "త్వరగా ఆడండర్రా, చెయ్యి లాగుతోంది," అన్నాడాయన.

మావటి తన పెద్ద ఏనుగును అలంకరించాడు, పెళ్ళైంది. అన్నలిద్దరూ రాజ్యం మాకొద్దు, మాకు మరుపెక్కువ అన్నారు. చిన్నయ్యే రాజయ్యాడు, సంపెంగి రాణి అయింది. చాలాకాలం పాలించారు. ఎంతకాలమంటే, రోజూ మధ్యాహ్నం ఆ పాత ఆటే ఆడేవారు, ఆమెకు ఒకటి పడాలి, పడలేదు. పిల్లలు పుట్టారు, ఒకటి పడలేదు. వాళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, ఒకటి పడలేదు.

ఇద్దరి జుట్టూ నెరిసిన ఒక మధ్యాహ్నం ఆమె గవ్వలు వేసింది. మూడు బోర్లా, ఒకటి వెల్లకిలా. చిన్నయ్యకు చూపు మందగించింది, కనిపించలేదు. "ఎంత?" అన్నాడు.

సంపెంగి ఆ గవ్వ వంక కాసేపు చూసింది. తర్వాత చిటికెనవేలితో పక్క గవ్వను మెల్లగా వెల్లకిలా తిప్పింది.

"రెండు," అంది. "నీ వంతు, వెయ్యి."

ఇక రిమోట్లు తీసుకోండి. నన్ను నీళ్ళలోకి తోస్తే తోశారు గాని, ఆట మాత్రం తొందరగా అవ్వనివ్వకండి.