దానికింకా ఇల్లు రాలేదు

కాదు, తల్లి కాదు. మేనత్త. కోటిలింగానికి ఊహ తెలియకముందే తల్లి పోతే, తండ్రికి అక్క నాంచారమ్మ తెచ్చుకుని పెంచింది. అందరూ ఆమే తల్లి అనుకునేవాళ్లు, ఆమె కూడా దిద్దేది కాదు. బెజవాడ ఆటోనగర్లో షెడ్ల వరస మొదట్లో తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్మేది. గ్రీసు చేతులతో వస్తే పెట్టేది కాదు. "ముందు చేతులు కడుక్కుని రా. నా ఇడ్లీ తెల్లగా ఉందని చేతులు తుడుచుకుంటావా" అనేది. ఎంత మొనగాడైన మేస్త్రీ అయినా కుళాయి దగ్గరికి పోవాల్సిందే. దస్తగిరి మేస్త్రి ఆమెని అక్కా అని పిలుస్తా ముప్పయ్యేళ్లు ఆమె దగ్గర తిన్నాడు. ఇడ్లీలూ తిన్నాడు, తిట్లూ తిన్నాడు.

ఆ దస్తగిరి దగ్గరే లింగం పని నేర్చుకోడానికి చేరాడు. చేరేసరికి వాడికి నలభై దాటినయ్యి. పదిహేనేళ్లు సొంత కారు కిరాయికి తిప్పి, నడుం పట్టేసి, తోలడం కన్నా బాగుచెయ్యడం నయమనుకున్నాడు. శిష్యుడికి తల నెరిసింది, అయినా గురువు "ఏరా అబ్బాయ్" అనే పిలిచేవాడు. ఆ గురువుకి ఒక అలవాటు. ఏదన్నా అడిగితే నోటితో చెప్పడు, చేతిలో ఏదో ఒకటి పెడతాడు. దేవుడున్నాడా మేస్త్రీ అని ఒక లారీ డ్రైవరు అడిగితే, వాడి చేతిలో గుడ్డముక్క పెట్టి ముందు ఆ పిస్టను తుడువన్నాడంట. వాడూ తుడిచాడంట. దేవుడి సంగతి తేలిందో లేదో గానీ పిస్టను మాత్రం మెరిసింది.

ఆ వేసంకాలం నాంచారమ్మకి తలలో నరం చిట్లింది. పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మాట లేదు, చూపు లేదు. ఊపిరి ఒక్కటే గురగురమంటా ఆడుతోంది. లింగం పెళ్లాం సుగుణ మంచం దగ్గరే ఉంది. లింగం రెండు రోజులు వాకిట్లోకీ లోపలికీ తిరిగాడు. మూడో రోజు పొద్దున్నే చొక్కా వేసుకుని షెడ్డుకొచ్చేశాడు.

మేస్త్రి తలెత్తి చూశాడు. మళ్లీ పనిలో పడ్డాడు. లింగమే ఉండబట్టలేక అన్నాడు.

"మేస్త్రీ, అక్కడ నేను కూర్చుంటే ఏంటి, కూర్చోకపోతే ఏంటి? నేనున్నానో లేదో కూడా ఆమెకి తెలియదు. డాక్టరే చెప్పాడు, లోపల అంతా అయిపోయిందని. ఒట్టి మనిషి పక్కన కూర్చుని నేనేం చెయ్యాలి?"

అడిగినవాడి కళ్లు ఎర్రగా ఉన్నయ్యి. నిద్ర లేకో, ఇంకెందుకో. మేస్త్రి చెయ్యి తుడుచుకుని, బల్ల కింది నుంచి ఒక ఇనప ముద్ద తీసి వాడి చేతిలో పెట్టాడు. అది వాడి కారుదే, నెల రోజుల కిందట పట్టేసిన టర్బో. నత్తగుల్లలాగా ఉంటది చూడు, అదే. ఇంజను వదిలేసిన పొగ వచ్చి ఒక చక్రాన్ని తిప్పుద్ది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుద్ది, అది మళ్లీ ఇంజనుకే గాలి ఊదుద్ది. ఆ రెండు చక్రాల్ని కలిపే ఇరుసు విప్పి పెట్టి ఉంది. అడుగంటిన పాలగిన్నెలాగా నల్లగా మాడిపోయి ఉంది.

"ఇట్లా ఎందుకు మాడింది మేస్త్రీ? నూనె ఎప్పటికప్పుడు మారుస్తానే ఉన్నాగా."

"పద, ఇంకోటి కొనుక్కొద్దాం" అన్నాడు మేస్త్రి.

పాత సామాన్ల కొట్లో టర్బోలు కుప్పపోసి ఉన్నయ్యి. ఏ బండికి ఏమైందో, ఎవరి ఇంటి ముందు ఆగాల్సిన బండో, ఇక్కడికొచ్చి పడ్డయ్యి. లింగం అందులో తళతళలాడేది ఒకటి ఏరాడు. మేస్త్రి దాని చక్రం మీద నోటితో ఉఫ్‌మని ఊదాడు. సగం చుట్టు తిరిగి ఆగిపోయింది.

"మొహం కడిగారు, అంతే" అని పక్కన పెట్టాడు. తర్వాత దుమ్ము కొట్టుకున్న దాన్ని ఒకటి తీసి, ఇరుసుని వేళ్లతో కదిపి చూశాడు. పక్కకి కాస్త ఊగింది, ముందుకీ వెనక్కీ మాత్రం రాలేదు. దాని మీద ఊదాడు. చక్రం తిరగడం మొదలెట్టింది. మేస్త్రి దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడిపోయాడు.

"అది పిల్లనగ్రోవి కాదు మేస్త్రీ, కొనేదుంటే కొను" అన్నాడు కొట్టువాడు.

"నీ కొట్లో ఊపిరున్నది ఇదొక్కటే. నీక్కూడా లేదు" అన్నాడు మేస్త్రి కళ్లు తెరవకుండానే.

లింగం వారం రోజుల తర్వాత అప్పుడు నవ్వాడు. నవ్వి, నవ్వినందుకు తల దించుకున్నాడు.

షెడ్డుకొచ్చి దాన్ని విప్పారు. విప్పకముందు ఏది ఎట్లా కూర్చుందో మేస్త్రి సూదితో గీతలు పెట్టించాడు. కిరసనాయిల్లో కడిగారు, లోపలి బేరింగులూ వాచర్లూ కొత్తవి వేశారు, లేతు దగ్గరికి పోయి తూకం చూపించుకొచ్చారు. మళ్లీ గీతకి గీత కలిపి బిగించారు. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పొమ్మంటే లింగం పోలేదు. సుగుణ ఫోను చేస్తే "అట్లాగే ఉందా" అని అడిగాడు. అట్లాగే ఉందంది.

కారుకి బిగించాక మేస్త్రి అలమరలోంచి చిన్న ఇత్తడి ఉగ్గుగిన్నె తీశాడు. ముక్కు కొద్దిగా సొట్టపోయింది. కొత్తగా బిగించిన టర్బోకి ఇంజను నూనె అందేలోపల ఎండు గొంతుతో తిరక్కుండా, ముందు చేత్తో నాలుగు చుక్కలు పొయ్యాలి. మేస్త్రి ఎప్పుడూ ఆ గిన్నెతోనే పోసేవాడు. అది లింగం చిన్నప్పటి ఉగ్గుగిన్నె. లింగానికి మీసం వచ్చిన ఏడు నాంచారమ్మే తెచ్చి ఇచ్చింది. "మావాడు ఇక దీంతో తాగడంట. నీ ఇంజన్లకి తాగించుకో" అంది.

ఆ రోజు మేస్త్రి దాన్ని లింగం చేతికిచ్చాడు. "నువ్వు పొయ్యి. గబగబా పొయ్యమాక. మింగనీ."

లింగం పోశాడు. ఒక్క చుక్క బయట పడలేదు.

ఎండ చల్లబడ్డాక కారు తీశారు. లింగం తోలుతున్నాడు, మేస్త్రి పక్కన కూర్చున్నాడు. వారధి దాటి మంగళగిరి దాకా గట్టిగా లాగించాడు. పాత గుర్రానికి కొత్త ఊపిరి వచ్చినట్టు పోయింది బండి. తిరిగొచ్చేటప్పుడు షెడ్డు వైపు మళ్లబోతే మేస్త్రి "కుడికి" అన్నాడు. తర్వాత "ఎడమకి" అన్నాడు. మూడో మలుపులో లింగానికి తెలిసిపోయింది ఎక్కడికి పోతున్నారో. కాలు బ్రేకు మీదికి పోబోయింది.

"లాగించు" అన్నాడు మేస్త్రి.

బండి లింగం ఇంటి ముందు ఆగింది. వాడికి మొదట్నించీ ఒక అలవాటు, చక్రాలు నిలిచేలోపే తాళం తీసి దిగిపోయేవాడు. "ఎక్కడికి పోతావురా అంత తొందరగా? దిగినా నేలేగా" అని నాంచారమ్మ నవ్వేది. ఆమె మాత్రం, వాడు బండి తీసుకుని బయల్దేరితే, చప్పుడు సందు మలుపు తిరిగి పూర్తిగా వినపడకుండా పోయేదాకా గుమ్మంలోంచి కదిలేది కాదు. ఆ రోజు కూడా వాడి చెయ్యి తాళం మీదికి పోయింది. మేస్త్రి ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు.

"ఉండు."

"ఇల్లొచ్చిందిగా మేస్త్రీ."

"నీకొచ్చింది. దానికింకా రాలేదు."

ఇంజను మెల్లగా ఆడుతోంది. లోపల సుగుణ లైటు వేసింది. మేస్త్రి గుమ్మం వైపే చూస్తా చెప్పాడు. "తాళం తిప్పితే ఇంజను ఆగుద్ది. దాంతో నూనె ఆగుద్ది. లోపల చక్రం ఆగదురా అబ్బాయ్. మనం అయిపోయిందనుకుని దిగి పోతాం, అదొక్కటే ఎండిపోయి తిరుగుతా ఉంటది. నీ పాతది అట్లాగే మాడింది."

ఈ దస్తగిరి భార్య పోయిన పూట అతను ఒక లారీ కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడని ఆటోనగర్లో అందరికీ తెలుసు. అతని ముందు ఆ మాట ఎవరూ ఎత్తరు.

ఇద్దరూ అట్లా కూర్చున్నారు. పక్కింటావిడ చూసి, దిగరేంటి వీళ్లు అనుకుంటా పోయింది. కాసేపటికి మేస్త్రి తల ఊపాడు. లింగం తాళం తిప్పాడు. చప్పుడు ఆగింది.

"ఇప్పుడు లోపలిది కూడా ఆగిందా మేస్త్రీ?"

"లోపలి సంగతి నాకేం తెలుసు. మన పని కూర్చోవడం."

మేస్త్రి కారు దిగాడు. జేబులోంచి ఆ ఉగ్గుగిన్నె తీసి లింగం చేతిలో పెట్టాడు. "శుభ్రంగా కడుగు. మా అక్క ఊరుకోదు" అన్నాడు. దింపుతానన్నా వినకుండా నడుచుకుంటా పోయాడు.

లింగం ముందు చేతులు కడుక్కున్నాడు. చింతపండు పెట్టి గిన్నె మూడుసార్లు తోమాడు. మంచినీళ్లు పోసుకుని పోయి అత్త పక్కన కూర్చుని, ఒక్కొక్క చుక్కా పెదాల మీద వదిలాడు, మింగేదాకా ఆగి ఇంకోటి. వారధి మీద బండి ఎట్లా లాగిందో చెప్పాడు, కొట్టువాడిని మేస్త్రి ఏమన్నాడో చెప్పాడు. సుగుణ పడుకోమన్నా లేవలేదు.

తెల్లారేసరికి నాంచారమ్మ లేదు.