తలకిందుల చిలక

మద్దిలేటి దిగులంతా ఒక చిలక గురించి.

కర్నూలులో ఖలందర్ సాహెబ్ దగ్గర అతను పాత కత్తుల ఒరలను పరిశీలించడం నేర్చుకుంటున్నాడు. ఒర మూతికీ కొనకీ వేసిన వెండి తొడుగుల మీది పనితనం చూసి, అది ఏ కాలానిదో, ఏ ఊరిదో చెప్పగలగాలి. అదీ విద్య.

ఈసారి వచ్చింది నవాబుల కాలం నాటి కత్తి. ఒర కొన తొడుగు మీద లక్కతో అతికించిన చిన్న వెండి చిలక. ముక్కు, రెక్క, మెడలో హారం అన్నీ ముచ్చటగా ఉన్నాయి. కానీ తల కిందికి, కాళ్లు పైకి.

"కంసాలి ఏమరుపాటున తిరగేసి అతికించాడు ఉస్తాద్. ఇన్నేళ్లూ ఎవరూ కనిపెట్టలేదు."

"నువ్వు కనిపెట్టావు," అన్నాడు సాహెబ్.

మద్దిలేటి అది మెప్పే అనుకున్నాడు. "లక్క కాస్త వేడిచేస్తే ఊడొస్తుంది. తిప్పి అతికిస్తా. సాయంత్రం కత్తిగలాయన వచ్చేసరికి చిలక తిన్నగా నిలబడుతుంది."

"పాత వెండి నాయనా. ఎండుటాకులా ఉంది. ఊడదీస్తే ముక్కలైపోవచ్చు."

"జాగ్రత్తగా తీస్తా. తప్పని తెలిశాక వదిలేయడం నా వల్ల కాదు ఉస్తాద్."

అప్పటికే దీపం వెలిగించాడు. పట్టకారు తుడిచాడు. శుభ్రంగానే ఉన్నా మళ్లీ తుడిచాడు.

సాహెబ్ వద్దనలేదు. లేచి, కత్తిని ఒరతో సహా లుంగీ మీదే నడుముకు కట్టుకున్నాడు.

"చక్కెర అయిపోయింది. తెచ్చుకుందాం రా. నా వెనకే నడువు. చిలకనే చూస్తుండు."

"అంగడికి కత్తెందుకు ఉస్తాద్?"

"నువ్వు దాన్నొదిలి రావు కదా."

బజార్లో జనం పనులాపి చూశారు. "దండయాత్ర ఎవరి మీదికి సాహెబ్?" అని ఒకాయన కేకేశాడు.

"చక్కెర మీదికి."

మద్దిలేటి సిగ్గుతో చచ్చిపోతూ, నడుం వంచి, చిలక మీది నుంచి కన్ను తీయకుండా నడిచాడు. అది తలకిందులుగానే ఊగుతోంది.

శెట్టి అంగడి ముందు సాహెబ్ ఠక్కున ఆగాడు. కుడిచేత్తో శెట్టికి సలాం చేశాడు. ఎడమచెయ్యి కత్తి పిడి మీద ఆనించాడు. పిడి కిందికి దిగింది. వెనక ఒర కొన చివ్వున పైకి లేచి మద్దిలేటి ముక్కుకు తగిలింది.

కళ్ల నిండా నీళ్లు. ఆ నీళ్లలోంచే చూశాడు. ముక్కుకెదురుగా చిలక నిలబడి ఉంది. తల పైకి, కాళ్లు కిందికి. ఒంటికన్నుతో అతన్నే చూస్తోంది.

ఇంటికొచ్చాక మద్దిలేటి దీపం ఆర్పేశాడు. పట్టకారు పెట్టెలో పెట్టాడు. వాచిన ముక్కు పట్టుకుని కూర్చున్నాడు.

"మీకెట్లా తెలిసింది ఉస్తాద్?"

సాహెబ్ టీలో చక్కెర కలుపుతున్నాడు. కళ్లద్దాలు తీసి ముక్కు చూపించాడు. ముక్కుదూలం మీద పాత మచ్చ.

"మా ఉస్తాద్ చెయ్యి ఇంకా బరువు."