ఆమేన్ అన్న తరువాత

దగ్గరికి రండి, ఇంకా దగ్గరికి. ఆ గుమ్మం దగ్గర కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు జరగండి. ఈ కథ గట్టిగా అరిచి చెప్పేది కాదు. పిల్లల వెనక నిలబడ్డ పెద్దవాళ్ళూ, మీరూ కూర్చోండి. మీకే ఎక్కువ పని ఉంది ఈ కథతో.

సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఉన్న ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయంలో ఎం.కాం. చదివే ఫిలేమోన్ అనే యువకుడు ఉండేవాడు; ప్రార్థనకి నిలబడితే అతని గొంతు ఎంతసేపైనా పలికేది గానీ, ప్రార్థన అయిపోయాక ఎవరి కోసమూ అతని కాలు కదిలేది కాదు.

ఆ విశ్వవిద్యాలయంలో ఒక మంచి అలవాటు ఉండేది. క్లాసులు మొదలయ్యే ముందు ఎం.కాం. వాళ్ళూ, ఎం.బి.ఏ. వాళ్ళూ అందరూ చాపెల్‌లో, అంటే ప్రార్థన మందిరంలో, కూడేవారు. ఒక పాట పాడుకునేవారు. తరువాత ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి చెప్పుకునేవారు. దాన్ని ప్రార్థన మనవి అనేవారు. ఒకరి అమ్మకు జ్వరం. ఒకరి అన్నయ్యకు ఉద్యోగం లేదు. ఒకడికి ఆడిటింగ్ పరీక్ష అంటే గుండె దడ. అన్నీ విన్నాక అక్కడి పాదిరి, చాప్లిన్ దేవసహాయం అయ్యగారు, "ఫిలేమోన్, నువ్వు నడిపించు బాబూ" అనేవారు.

ఫిలేమోన్ కళ్ళు మూసుకునేవాడు. చెప్పిన పేర్లలో ఒక్కటీ మరిచిపోయేవాడు కాదు. "ఆ తల్లి నుదుటి మీద నీ చల్లని చెయ్యి ఉంచు తండ్రీ" అని అతను అంటే, ఆ తల్లి కొడుకు వెక్కి వెక్కి ఏడ్చేవాడు. చివర్లో హాలంతా ఒక్క గొంతుతో "ఆమేన్" అనేది.

"ఒరేయ్, నీ ప్రార్థన పరలోకం చేరేలోపు ఇక్కడ ఇడ్లీలు చల్లారిపోతున్నాయిరా," అనేవాడు అతని గదిలో ఉండే వెస్లీ. వెస్లీ ఎం.బి.ఏ. చదివేవాడు. వాడికి అన్నీ వేళాకోళమే.

"నీకు ఆత్మ కంటే ఆకలి ఎక్కువ" అనేవాడు ఫిలేమోన్.

"ఎక్కువే మరి. ఆత్మ సాంబారు అడగదు కదా!"

నవ్వారా? నవ్వండి. ఇక మీదట నవ్వే చోట్లు తక్కువ.

ఫిలేమోన్ క్లాసులో సువార్త అని ఒకావిడ ఉండేది. మిగతా అందరికంటే వయసులో చాలా పెద్దది. భర్త పోయాక ఒక మిషన్ ఆసుపత్రిలో బిల్లుల కౌంటర్లో ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆ ఆసుపత్రి పెద్ద అకౌంటెంటు రిటైరయ్యే కాలం వచ్చింది. "ఎం.కాం. పూర్తి చేసుకుని రా సువార్తా, ఆ కుర్చీ నీదే" అన్నారు అక్కడివాళ్ళు. ఆ మాట నమ్మి ఆమె కౌంటర్ వదిలి చదువుకి వచ్చింది. కుర్చీతో పాటు ఆసుపత్రి ఆవరణలో రెండు గదుల క్వార్టరు ఇస్తారు. సువార్తకి కుర్చీ మీద కంటే ఆ క్వార్టరు మీదే ప్రాణం. ఎందుకంటే ఆమె కూతురు షారోన్ పిన్ని వాళ్ళింట్లో పెరుగుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా ఆ పిల్ల ఒకటే అడిగేది: "అమ్మా, మనిద్దరం ఒక ఇంట్లో ఎప్పుడుంటాం?"

మిగతా పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కాయి. కాస్ట్ అకౌంటింగ్ ఒక్కటే తప్పింది. దాన్ని మళ్ళీ రాయాలి. ఈసారి కూడా తప్పితే ఆ కుర్చీ ఇక ఖాళీగా ఉంచలేమని ఆసుపత్రి వాళ్ళు చెప్పేశారు. ఈ సంగతులన్నీ క్లాసులో అందరికీ తెలుసు.

ఒకరోజు పొద్దున చాపెల్‌లో సువార్త లేచి నిలబడింది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ అంది:

"చెప్పడానికి సిగ్గుగా ఉందండి. నాకు ఒక లెక్క అర్థం కావడం లేదు. ఆసుపత్రిలో వంటగది ఉంటుంది, లాండ్రీ ఉంటుంది. వంటగది లాండ్రీ వాళ్ళకి అన్నం పెడుతుంది. లాండ్రీ వంటగది గుడ్డలు ఉతుకుతుంది. దీని ఖర్చులో కొంత దాని మీద వెయ్యాలి, దాని ఖర్చులో కొంత దీని మీద వెయ్యాలి. వేస్తూ పోతే తిరిగి తిరిగి మొదటికే వస్తోంది. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. సారుని అడిగాను, చెప్పారు. మళ్ళీ అడిగాను, మళ్ళీ చెప్పారు. ఇంకోసారి అడగడానికి మొహం చెల్లలేదు. పరీక్షలో ఆ లెక్క తప్పకుండా వస్తుందంటున్నారు. నా కోసం ప్రార్థించండి."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అయ్యగారు ఫిలేమోన్ వైపు చూశారు.

ఆ రోజు ఫిలేమోన్ ఎప్పుడూ చెయ్యనంత చక్కగా ప్రార్థించాడు. "నీ కుమార్తె మనసు తేటపరచు తండ్రీ. ఆమె భయం తీసివెయ్యి. ఆ తల్లినీ బిడ్డనీ ఒక్క కప్పు కిందికి చేర్చు" అన్నాడు. సువార్త మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఆమేన్" అన్నారు అందరూ. అందరి కంటే గట్టిగా వినబడింది ఫిలేమోన్ గొంతే.

అన్నట్టు, మీకు ఒక మాట చెప్పలేదు. ఆ క్లాసులో కాస్ట్ అకౌంటింగ్‌లో మొదటి మార్కు ఎవరిదో తెలుసా? ఫిలేమోన్‌దే.

చాపెల్ మెట్ల దగ్గర సువార్త అతని కోసం ఆగింది. ఆమె మొహం ఇప్పుడే కడిగినట్టు తేరుకుని ఉంది.

"తమ్ముడూ, వందనాలు. ఎంత బాగా ప్రార్థించావయ్యా! ఆ లెక్క నీకు బాగా వచ్చటగా. కాసేపు కూర్చుని చెప్తావా?"

"తప్పకుండా అక్కా," అన్నాడు ఫిలేమోన్. "కానీ ఇప్పుడు ఊపిరి ఆడడం లేదు. వ్యవస్థాపక దినోత్సవానికి బిషప్ గారు వస్తున్నారు కదా, ప్రారంభ ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. మీరేం దిగులు పడకండి. ప్రార్థన చేశాం కదా, దేవుడు చూసుకుంటాడు."

"ఆయన చూసుకుంటాడు బాబూ," అంది సువార్త. తల ఊపి వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం ఫిలేమోన్ కామర్సు బ్లాకు వరండాలో ఒంటరిగా నిలబడి, బిషప్ గారి ముందు చెయ్యబోయే ప్రార్థన అభ్యాసం చేస్తున్నాడు. ఒక మాట పైకి అనడం, నచ్చక మార్చడం, మళ్ళీ అనడం. వెనక్కి తిరిగి చూస్తే సువార్త నిలబడి ఉంది. చేతిలో తెల్లకాగితాలు, పెన్సిలు.

"అడ్డమొచ్చానా తమ్ముడూ?"

"అయ్యో, లేదక్కా. శనివారం కూర్చుందామా? భోజనాలయ్యాక. ఎం.బి.ఏ. వాళ్ళ క్లాసు గది ఖాళీగా ఉంటుంది."

"శనివారం అంటే పరీక్షకి ముందు శనివారమేగా? చాలు బాబూ, అదే చాలు" అంది ఆమె. వెళ్తూ వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి నవ్వింది.

శనివారం వచ్చింది. భోజనాలయ్యాక పాటల బృందం వాళ్ళు ఫిలేమోన్‌ని లాక్కుపోయారు. పాటకీ ప్రార్థనకీ పొందిక కుదరాలన్నారు. ఒకసారి పాడారు, బాగాలేదన్నారు. మళ్ళీ పాడారు. ఎండ వాలుతుండగా వెస్లీ అక్కడికి వచ్చాడు.

"ఒరేయ్, సువార్తక్క మా క్లాసు గదిలో కూర్చుని నీ కోసం చూస్తోందిరా."

ఫిలేమోన్ నాలిక కరుచుకున్నాడు. "అయ్యో! ఇంకా ఉందా?"

"వెళ్ళమంటే వెళ్ళడం లేదు. 'వస్తానన్నాడు, వస్తాడు' అంటోంది. నేనే చెబుదామని కూర్చున్నాను. నాకొచ్చిన అకౌంట్స్ ఆవిడకి చెబితే ఇద్దరం కలిసి తప్పుతాం. రారా బాబూ, ఎంతసేపు పడుతుంది?"

"ఈ ఒక్క పాట అయ్యాక వస్తా, నువ్వు పద."

పాట అయ్యేసరికి చీకటి పడింది. 'ఈపాటికి వెళ్ళిపోయే ఉంటుందిలే' అనుకున్నాడు ఫిలేమోన్. అనుకుని, మెస్సు వైపు నడిచాడు. అయినా ఆమెని మరిచిపోలేదు సుమా! ఆ సాయంత్రం మోకాళ్ళ మీద నిలబడి ఆమె పేరు పెట్టి మరీ ప్రార్థించాడు. మరుసటి పొద్దునా ప్రార్థించాడు. పరీక్ష రోజు కూడా ప్రార్థించాడు.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది.

కొన్నాళ్ళకి వ్యవస్థాపక దినోత్సవం వచ్చింది. చాపెల్ నిండిపోయింది. బిషప్ గారు ముందు వరసలో కూర్చున్నారు. ఫిలేమోన్ తెల్లచొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. అనుకున్న మాటలన్నీ అనుకున్నట్టే వచ్చాయి. చివర్లో, రోజూ అలవాటైన మాట నోటికి దానంతట అదే వచ్చేసింది:

"మా సహోదరి సువార్త రాసిన పరీక్షలో ఆమెను గట్టెక్కించు తండ్రీ. ఆ తల్లినీ బిడ్డనీ ఒక్క కప్పు కిందికి చేర్చు."

ఆమేన్ అని అతను ఆగాడు. ఆగితే, హాలు ఎప్పటిలా ఒక్క గొంతుతో ఆమేన్ అనలేదు. బిషప్ గారు, ఆయన పక్కనున్నవాళ్ళు ఆమేన్ అన్నారు గానీ, పిల్లల వరసల్లోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. ఫిలేమోన్ కళ్ళు తెరిచాడు. అతని క్లాసు వాళ్ళందరూ తలలు వంచుకుని ఉన్నారు.

సభ అయ్యాక బయటికి వచ్చి వెస్లీని పట్టుకున్నాడు. "ఏమైందిరా? ఎందుకలా ఉండిపోయారు?"

ఈసారి వెస్లీ వేళాకోళం ఆడలేదు. "ఫలితాలు నిన్ననే గోడ మీద పెట్టారురా. నువ్వు మైకు సరిచూసుకుంటూ ఇక్కడే ఉన్నావు. ఆవిడ తప్పింది. ఈ పొద్దున పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది. బస్సు ఎక్కించి వచ్చింది మేమే."

"నా గురించి ఏమైనా అందా?"

"నిన్ను పిలవనా అని అడిగాను. 'వద్దులే, బిషప్ గారొచ్చే రోజు, తమ్ముణ్ణి కదిలించొద్దు' అంది."

ఫిలేమోన్ అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాడు. లోపల పెద్దవాళ్ళు అతని ప్రార్థనని మెచ్చుకుంటున్నారు. బిషప్ గారు పిలుస్తున్నారని ఎవరో వచ్చి చెప్పారు. అతను లేవలేదు.

నెల తిరిగేసరికి ఫిలేమోన్ ఆమెని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆసుపత్రిలో అడిగితే, బస్టాండు పక్కన చీరల దుకాణంలో పనికి కుదిరిందన్నారు. వెళ్ళేసరికి సువార్త, కొనేవాళ్ళు విప్పి పడేసిన చీరలు మడత పెడుతోంది.

"ఏం తమ్ముడూ, ఇంత దూరం!" అంది, ఎదురొచ్చి. "ఎండన పడొచ్చావా? ఏమైనా తిన్నావా?"

"అక్కా, నన్ను క్షమించండి. మీకు నేను చెప్తాను. మొదటి నుంచీ చెప్తాను. మళ్ళీ రాయండి."

"రాయొచ్చులే బాబూ. కానీ ఆ కుర్చీలో ఇంకో అబ్బాయి కూర్చున్నాడు. నెమ్మదస్తుడు, కొత్తగా పెళ్ళయింది, క్వార్టర్లో కాపురం పెట్టారు. వాళ్ళని లేపమని నేను ప్రార్థించగలనా?"

 

"షారోన్..." అన్నాడు ఫిలేమోన్.

"పిన్ని దగ్గరే. ఇప్పుడు ఫోన్ చేస్తే ఆ సంగతి అడగడం మానేసింది. అదే నాకు..." అని ఆగిపోయింది సువార్త. ఒక చీర తీసి, మడత సరిగ్గానే ఉన్నా విప్పి మళ్ళీ మడిచింది. అప్పుడు అంది: "పోనీ, ఆ లెక్క ఏమిటో చెప్పి వెళ్ళు తమ్ముడూ. మనసులో ముల్లులా ఉంది."

చీర చుట్టే అట్టముక్క మీద ఫిలేమోన్ వేసి చూపించాడు. వంటగది ఖర్చులో లాండ్రీ వాటా, లాండ్రీ ఖర్చులో వంటగది వాటా. "ఇదిగో చూడండక్కా, తిరిగి మొదటికే వచ్చినట్టుంటుంది గానీ, ప్రతి చుట్టులో కొంత రోగులుండే వార్డుల మీదికి పోతుంది. మిగిలేది ప్రతిసారీ తగ్గిపోతుంది. లెక్కలోకి రానంత చిన్నదయ్యాక ఆపేస్తాం."

దుకాణం వాళ్ళు తెచ్చిచ్చిన టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది. సువార్త ఆ అట్టముక్క వైపు చూసింది. పెన్సిలు తీసుకుని తనే ఇంకో చుట్టు వేసింది. సరిగ్గా వేసింది.

"ఇంతేనా తమ్ముడూ?" అంది మెల్లగా. "ఇంతేనా?"

ఆ మాటకి ఫిలేమోన్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

సువార్త అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆమె తిట్టలేదు పిల్లలూ. తిట్టినా బాగుండేది. ఆమె అన్న మాట ఇది: "నేను సిగ్గరినయ్యా. ఎవర్నీ ఏదీ అడగలేను. ఆ పొద్దున నువ్వు ప్రార్థించాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. దేవుడు జవాబిచ్చాడనుకున్నాను. అందుకే మెట్ల దగ్గర నీ కోసం ఆగాను."

తిరిగొచ్చే బస్సులో ఫిలేమోన్ ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాడు. అతను అడిగిన ప్రార్థనకి దేవుడు ఆ పొద్దునే జవాబిచ్చాడు. ఆ జవాబు అతని ముందు నిలబడి, కాసేపు కూర్చుని చెప్తావా అని అడిగింది. శనివారం రమ్మని పంపేసింది అతనే.

తరువాత అతను అకౌంట్స్ మాస్టారయ్యాడు. ప్రార్థించమంటే ఇప్పటికీ లేస్తాడు. కానీ రెండు మాటల్లో ముగిస్తాడు. అందరూ ఆమేన్ అనేసరికి అతను మనవి చెప్పినవాళ్ళ పక్కన నిలబడి ఉంటాడు. అయినా సువార్త కుర్చీ ఆమెకి రాలేదు. షారోన్ పిన్ని ఇంట్లోనే పెద్దదయింది. అతను ఎంతమందికి చెప్పినా ఆ ఏళ్ళు తిరిగి రాలేదు.

కాబట్టి నా బంగారు తల్లులూ, నాయనల్లారా, ఈ రాత్రి మీరు ఎవరి పేరైతే ప్రార్థనలో పలుకుతారో, రేపు పొద్దున వాళ్ళ గుమ్మానికి వెళ్ళి "నేనేం చెయ్యను?" అని అడగండి. ఈ ఒక్క పని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ చెయ్యండి. ఒకరి కోసం మనం ప్రార్థించి, మన చేతనైన సాయం మాత్రం చెయ్యకపోతే, ఆ ప్రార్థనకి వచ్చిన జవాబుని తలుపు దగ్గరే ఆపేసిన వాళ్ళం మనమే అవుతాం.