రాజుగారు ఆటకెళ్ళిన పెట్టె

"గుమ్మడిపూవా గుమ్మడిపూవా,
గుమ్మం దాటి పోమాకే,
తుమ్మెదలొస్తే, తుమ్మెదలొస్తే..."

తరవాత ముక్క గుర్తు రావట్లేదర్రా. మీ ఈడులో గంతులేస్తూ పాడేదాన్ని. ఇప్పుడది దొరకాలంటే మళ్ళీ చిన్నతనంలోకెళ్ళి వెతుక్కోవాలి. అలా వెళ్ళొచ్చే పెట్టె కథ చెప్తాను, ఊ కొట్టండి.

అనగనగా ఒక ఊరు. వెనకటి ఊరు కాదు, ఇంకా రాబోయే ఊరు. ఆ ఊరికి వీరమల్లరాజని ఒక రాజు. ఆయన కొలువులో యంత్రాలవాళ్ళు ఒక గాజుపెట్టె చేశారు. అందులో పడుకుని కళ్ళు మూసుకుంటే చాలు, ఎంత ముసలివాళ్ళయినా చిన్నపిల్లలైపోతారు. అమ్మ కనిపిస్తుంది, నాన్న కనిపిస్తాడు, ఎప్పుడో విరిగిన బొంగరం మళ్ళీ గిర్రున తిరుగుతుంది. వెళ్ళినవాళ్ళంతా కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ వచ్చేసేవాళ్ళు. రాజుగారు మాత్రం వెళ్ళాడు, ఇక రాలేదు. మరి అన్నమో అంటారా? గొట్టంలోంచి గంజి పోసేవాళ్ళులే.

రాజు రాడు, కొలువు తీరదు. కొలువు తీరదు, తగువు తెగదు. తగువు తెగదు, ఎద్దు కట్టు విప్పరు. ఎద్దు కట్టు విప్పరు, దుక్కి సాగదు. ఊ కొడుతున్నారా?

అదంతా ఒక ఎత్తు. రాజుగారికి ఒక్కగానొక్క మనవరాలు, చిలకమ్మ. పిల్ల నవ్వింది, నువ్వుండలు పంచారు, తాత లేడు. బోర్లా పడింది, బొబ్బట్లు పంచారు, తాత లేడు. గడప దాటింది, గారెలు పంచారు, తాత లేడు. ఇప్పుడు గోడ పట్టుకు నిలబడుతోంది. అడుగేస్తే అరిసెలు. ఆ తొలి అడుగు కూడా తాత చూడకుండానే పడిపోతుందేమోనని కోడలు మాణిక్యానికి ఒకటే బెంగ. తొలి అడుగు మళ్ళీ పడదు కదర్రా.

మంత్రి పెట్టె పక్కన నిలబడి "రాజాధిరాజా, విచ్చేయండి!" అని గొంతు చించుకున్నాడు. లోపలున్నది గోచీ పెట్టుకున్న పిల్లాడాయె, రాజాధిరాజెవరో వాడికేం తెలుసు? భటులు బూరలూదారు. తిరునాళ్ళనుకుని వాడింకా సంబరపడ్డాడు.

మాణిక్యం ఆలోచించింది. పిల్లలు పిలిస్తే వస్తారా? మిమ్మల్ని భోజనానికి ఎన్నిసార్లు కేకెయ్యాలి నేను! పిలిస్తే రారు, వాటా పోతుందంటే వస్తారు.

పెట్టె పక్కనే పొయ్యి పెట్టించింది. బెల్లం పాకం పట్టి, తడిపిండి పోసి, అరిసెల చలిమిడి కలిపింది. రాజుగారి అక్క అచ్చమ్మని పిలిచి పీట వేసింది. "ఈ వయసులో నాకూ వాడికీ చలిమిడి దగ్గర తగువేంటే?" అంటూనే ఆవిడ బోసినోరు చప్పరించిందట.

మాణిక్యం పెట్టె తలుపు కాస్త ఓరగా తీసింది. ఆ పెట్టెలో అమ్మ ఉంది, ఆట ఉంది, అరిసెల మూకుడు కూడా ఉంది. వాసన మాత్రం లేదు. ఆ యంత్రాలవాళ్ళు వంటింటి మొహం చూసుంటేగా!

పాకం వాసన గుప్పున లోపలికెళ్ళింది. అచ్చమ్మ అందుకుంది. "ఒరేయ్ మల్లిగా! నీ ముద్ద నేను మింగేస్తున్నా!"

"నా ముద్ద! నా ముద్ద!" అంటూ రాజుగారు మీసాలతో సహా దోగాడుకుంటూ బయటపడ్డాడు. ముద్ద లాక్కున్నాడు.

అంత పెద్ద పిల్లాడు దోగాడ్డం చిలకమ్మ ఎన్నడూ చూళ్ళేదు. కిలకిలా నవ్వింది. గోడ వదిలేసింది. ఒక అడుగు, తూలి ఇంకో అడుగు, ధబ్బున వెళ్ళి ఆయన ఒళ్ళో పడింది.

"ఎవరమ్మా ఈ పిల్ల?" అన్నాడు రాజుగారు.

"మీ మనవరాలే మామగారూ. మీరు ఆటకెళ్ళినప్పుడు ఉయ్యాల్లో ఉంది."

రాజుగారు ముద్దని రెండు చేసి, పెద్ద ముక్క పిల్లకి పెట్టాడు. "నాకెన్నడైనా పెద్ద ముక్క పెట్టావురా?" అని దెప్పిందట అచ్చమ్మ.

పెట్టెని పగలగొట్టలేదులే, పాపం. చిన్నతనం ఆడుకోడానికెళ్ళే వీధి, దీపాలవేళకి ఎవరింటికి వాళ్ళు వచ్చెయ్యాలని చాటింపు వేయించాడు. కొలువు తీరింది, తగువు తెగింది, ఎద్దు కట్టు విప్పారు, దుక్కి సాగింది. ఊరంతా అరిసెలే అరిసెలు.

కథ కంచి బండెక్కింది, మనం దుప్పట్లో దూరదాం అన్నాను. మా ఇందుమతి ఊ కొట్టడం ఎప్పుడో ఆపేసింది, నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అంది:

"అమ్మమ్మా, నేను ముసలిదాన్నయ్యాక ఆ పెట్టెలోకెళ్తే, సరాసరి ఈ దుప్పట్లోకే వస్తాను. నువ్వు కాస్త జరిగి చోటివ్వాలి మరి."