సమానమైతే నాదే

మా గురువుగారు పేరయ్యశాస్త్రిగారికి ఒక అలవాటు ఉంది. శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు. "ఊఁ" అని ఊరుకుంటారు. ఆ తర్వాత ఎప్పుడో ఏదో ఒకటి జరిపిస్తారు, జవాబు అందులో వెతుక్కోవాలి. వినేవాళ్ళకి ఇది గొప్పగా ఉంటుంది గానీ, పక్కనే ఉండి అనుభవించే నాలాంటివాడికి తల ప్రాణం తోకకొస్తుంది. "తప్పురా" అని ఒక్క మాట అంటే పోయేదానికి, చీరాలలో ఒక మధ్యాహ్నమంతా నా చేత అగరొత్తులు వెలిగించారు మహానుభావుడు.

ప్రశ్న అడిగినవాడు హరనాథ్, గురువుగారి దగ్గర అవధానం నేర్చుకుంటున్న కుర్రాడు. ఎనిమిదిమంది ఎనిమిది రకాలుగా అడుగుతుంటే తొణక్కుండా అప్పటికప్పుడు పద్యాలు చెప్పే విద్య అది. నేను జీవితమంతా కూర్చున్నా నాకు రాలేదు, వీడికి ఇట్టే పట్టుబడింది. ఆ దసరా సభలో వీణ్ణి మొదటిసారి అవధానిగా కూర్చోబెట్టాలని గురువుగారి సంకల్పం. వాళ్ళమ్మ అప్పుడే వీధి వీధంతా చెప్పేసుకుంది కూడా. సరిగ్గా అప్పుడే వీడికి ఫోన్‌లో పేకాట అంటుకుంది. బ్లాక్‌జాక్ అట. పద్యం మూడో పాదంలో ఉండగా చెయ్యి జేబులోకి పోయేది. చూసి చూసి గురువుగారు, "వేదిక కావాలో, ఆ ఆట కావాలో తేల్చుకో" అన్నారు. బుద్ధున్నవాడైతే తేల్చుకునేవాడు. వీడు వాదనకి దిగాడు.

"మీరనుకునేలాంటి ఆట కాదు గురువుగారూ! ముక్కల మీది అంకెలు కలిపితే ఇరవై ఒకటికి ఎవరు దగ్గరగా వస్తే వాళ్ళు గెలిచినట్టు. దాటిపోతే పోయినట్టే. మామూలు ఆటలో పంచేవాడు తన ముక్క ఒకటి బోర్లా పెట్టి దాస్తాడు. నేనాడేది వేరే రకం. ఇందులో వాడి రెండు ముక్కలూ తిప్పి మన ఎదురుగా పెట్టేస్తాడు. అవి చూసుకునే మనం ఆడతాం."

"పక్క పందేలు కూడా ఉంటాయి" అన్నాడు మళ్ళీ, ఎవరూ అడక్కుండానే. "అసలు పందెంతో పాటు ఇంకో పందెం కాయొచ్చు. మనకి పడిన మొదటి రెండు ముక్కలూ అచ్చం ఒకటే అయితే పాతిక రెట్లు! అసలు ఆట పోయినా సరే, అది మాత్రం మనదే."

ఇలా ఎంతసేపు చెప్పాడో! రాజు పది, ఆసు ఒకటైనా కావచ్చు పదకొండైనా కావచ్చు అంటూ నా బుర్ర తినేశాడు. ఇంత శ్రద్ధ ఛందస్సు మీద పెడితే ఈపాటికి పుస్తకం అచ్చయ్యేదిరా అని నోటి దాకా వచ్చి మింగేశాను.

గురువుగారు మాత్రం ఓపిగ్గా అంతా విని, "ఇద్దరికీ సమానంగా వస్తే?" అన్నారు.

హరనాథ్ కొంచెం నసిగాడు. "అదీ... అప్పుడు పంచేవాడిదే. కానీ అన్నీ తెరిచి చూపిస్తున్నాడు కదండీ, ఆ మాత్రం వదులుకోవద్దూ? మీరే చెప్పండి, ఏదీ దాచకుండా ఎదురుగా పెట్టి ఆడే ఆటలో తప్పెక్కడుంది?"

"ఊఁ" అన్నారు గురువుగారు. నా గుండెల్లో రాయి పడింది.

మర్నాడు భోజనాలయ్యాక మమ్మల్ని వసారాలో కూర్చోబెట్టారు. వాళ్ళక్కయ్య సుబ్బమ్మగారిని కూడా పిలిచారు. ఆవిడకి చూపు ఆనదు. పద్యం విని ఇది బాగుంది, ఇది బాగాలేదు అని మొహం మీదే చెప్పడంలో మాత్రం తమ్ముడని కూడా చూడదు.

"ఒరేయ్ హరనాథ్, నీ ఆటే ఆడదాం" అన్నారు గురువుగారు. "మూడు వర్ణనలు. ప్రతిసారీ నా పద్యం నేను ముందే చెప్పేస్తాను. విని, దాన్ని చూసుకునే నువ్వు చెప్పు. నీది బాగుంటే నువ్వు గెలిచినట్టు, నాది బాగుంటే నేను. సమానమైతే నాదే. మూడింట్లో రెండు గెలిస్తే వేదికా నీదే, ఫోనూ నీదే. లేకపోతే ఈ దసరాకి నువ్వు వేదికెక్కవు."

నేను అడ్డుపడ్డాను. "గురువుగారూ, సోమవారం ఆహ్వానాలు అచ్చుకి వెళ్ళాలి. మీకా మోకాళ్ళ నొప్పి. వీడు కాకపోతే ఆ మూడు గంటలు కూర్చునేదెవరు?"

"నువ్వు అగరొత్తులు తీసుకురా కోటయ్యా" అన్నారు. ఇదీ నా గౌరవం.

ఒక అగరొత్తి కాలేలోపు పద్యం పూర్తి కావాలని గడువు. "పక్క పందెం కూడా ఉంది" అని గురువుగారు లోపలికి వెళ్ళి పట్టు కండువా తెచ్చి చాప మీద పెట్టారు. ఆయనకి ఎప్పుడో పెద్ద సభలో కప్పిన జరీ అంచు కండువా అది. దాని మీద కన్ను వెయ్యని శిష్యుడు లేడు, నాతో సహా. "పద్యంలో మొదటి రెండు మాటలూ అచ్చం ఒకటే అయితే ఇది నీది. పద్యం పోయినా సరే. కాకపోతే ఆ పందెం కాసినప్పుడు నీ అగరొత్తిలో సగం విరిచి నాకివ్వాలి. ఇష్టమైతేనే సుమా."

హరనాథ్ మొహం వెలిగిపోయింది. గురువుగారి పద్యం ముందే వినేసి చెప్పడమంటే వాడికి నల్లేరు మీద నడకే అనిపించింది. నాకూ అలాగే అనిపించింది, అబద్ధమెందుకు.

మొదటిది బస్సు తప్పిపోయినవాడి వర్ణన. గురువుగారు చక్కని పద్యమే చెప్పారు. హరనాథ్ పందెం జోలికి పోకుండా నిండు అగరొత్తి పెట్టించుకుని, కళ్ళు మూసుకుని, చివరికంటా వాడుకున్నాడు. బస్సు రేపిన దుమ్ములో నిలబడి, ఇంటి దగ్గర చెప్పులు వెతుక్కున్న ఆ కాసేపటిని తిట్టుకునే మనిషిని కళ్ళకి కట్టించాడు. సుబ్బమ్మగారు తొడ మీద చరుచుకుని, "నీ పద్యం దీని కాలిగోటికి చాలదు తమ్ముడూ!" అన్నారు. ఇంకొక్కటి ఇలాంటిది చెబితే చాలు, వేదిక వాడిదే.

రెండోది ఉప్పుమడి. గురువుగారి పద్యం అయింది. నేను అగరొత్తి వెలిగించబోతుంటే వీడు నా చేతిలోంచి లాక్కుని, పుటుక్కున విరిచి సగం గురువుగారి ఎదురుగా పెట్టాడు. చూపు కండువా మీదుంది.

"ఏమిట్రా ఈ తొందర? మొదటిసారి లాగే చెప్పొచ్చుగా!" అన్నాను.

"రెండూ కొట్టొచ్చు మాస్టారూ, మీరు చూడండి" అన్నాడు.

"మెల్ల మెల్ల" అని ఎత్తుకున్నాడు. పందెం అక్కడికక్కడే గెలిచేశాడు. ఆ తర్వాత పాదాల్ని ఆ మాటకి తగ్గట్టు తిప్పుకోవడంలోనే పొద్దు పోయింది. మూడో పాదం దగ్గర వాడికి ఏదో మంచిది తట్టింది. కళ్ళలో తెలిసిపోయింది నాకు. అందేలోపు సగం అగరొత్తి బూడిదైంది. చేతికొచ్చిన మాటలతో ముగించాడు.

సుబ్బమ్మగారు కాసేపు ఆలోచించి, "రెండూ ఒకటే" అన్నారు.

గురువుగారు కండువా తీసి వాడి భుజాల మీద కప్పారు. వాడు దాని అంచు తడుముకుంటూ నా వైపు చూసి నవ్వాడు. వేదిక చేజారే దాకా వచ్చిందని వాడికి తెలియలేదు. ఇంకా తమాషా, "మూడోదానికేం పెడతారు గురువుగారూ?" అని వాడే అడిగాడు! నాకు ఒళ్ళు మండిపోయింది.

గురువుగారు గోడకి వేలాడుతున్న గంధపు దండ తీసి చాప మీద పెట్టారు. ఎండబెట్టిన మామిడితాండ్ర మీద పద్యం చెప్పారు. అది ఆయన రోజూ చెప్పే స్థాయిలో కూడా లేదు, నిజం చెప్పాలంటే. నిండు అగరొత్తి ఉంటే హరనాథ్ నిద్రలో లేచి గెలిచే పద్యం. వాడు మళ్ళీ విరిచాడు. "పొరలు పొరలు" అని మొదలుపెట్టి, సగం దారిలో అగరొత్తి వైపు, దండ వైపు, మళ్ళీ అగరొత్తి వైపు చూస్తూ ఎలాగో ఒడ్డున పడ్డాడు.

సుబ్బమ్మగారికి చిరాకొచ్చింది. "ఇదీ అదీ ఒకటే. ఇందాక బస్సు పద్యం చెప్పినవాడేడిరా?" అని గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు.

గురువుగారు దండ తీసి వాడి మెళ్ళో వేశారు. దండ మెళ్ళో పడ్డాక గానీ వీడికి లెక్క అందలేదు. "అదేమిటి గురువుగారూ! నేను ఒకటి గెలిచాను, రెండు సమానం. ఒక్కటీ ఓడిపోలేదే!"

"లేదు నాయనా, ఒక్కటీ ఓడిపోలేదు."

"మరి వేదిక?"

గురువుగారు నా వైపు తిరిగి, "ఆహ్వానంలో అవధాని పేరు నాదే వేయించు కోటయ్యా. కింద వేసుకోవడానికి మెత్తటి పరుపొకటి చూడు" అన్నారు మోకాలు రాసుకుంటూ. నాకు ఇద్దర్నీ పట్టుకుని దులిపేయాలనిపించింది. ఈ మోకాళ్ళతో ఈయన అంతసేపు కూర్చోవడమేమిటి, ఆ తల్లి వీధిలో తల ఎలా ఎత్తుకుంటుంది?

హరనాథ్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇంతసేపూ జేబులో అలజడి చేస్తున్న ఫోన్‌ని ఇప్పుడు ముట్టుకోలేదు. మెల్లిగా దండ తీశాడు, కండువా తీశాడు, మడతపెట్టి రెండూ గురువుగారి పాదాల దగ్గర పెట్టాడు. "ఇవి నాకొద్దండీ" అన్నాడు.

గురువుగారు కండువా మడత విప్పి, దులిపి, మళ్ళీ వాడి భుజం మీదే వేశారు.

"అదేమిట్రా, న్యాయంగా గెలుచుకున్నావు. దసరానాడు ఇది కప్పుకునే రా. ముందు వరసలో నీకు కుర్చీ వేయిస్తాను."