రాణిగారి జ్వరం

పూర్ణబోధస్వామి ఏ ప్రశ్నకూ వెంటనే జవాబిచ్చేవారు కారు. సన్యాసం పుచ్చుకోకముందు ఆయన హైస్కూల్లో చరిత్ర మాస్టారు. అందుకని ముందు ఏ దేశపు కథో ఎత్తుకునేవారు. తన తర్వాత ఆశ్రమానికి పెద్ద చిదంబరయ్యేనని ఆయన చెప్పిన మర్నాడు, చిదంబరయ్య వచ్చి విస్తర్లు కుడుతున్న గురువుగారి ఎదుట కూర్చున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ అతనికి అన్నం సయించడం లేదు.

"స్వామీ, పెద్దరికంలో ఉన్నవాడు తన భయం పదిమందికీ కనబడకుండా ఎలా దాచుకోవాలి?"

స్వామి చేతిలోని విస్తరి పూర్తిచేసి చెప్పసాగారు.

పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపాలో వాల్డెర్న్ అనే చిన్న రాజ్యాన్ని ఒట్టీలియా రాణి ఏలేది. భర్తను మశూచి పొట్టనపెట్టుకోవడంతో కిరీటం ఆమె నెత్తిన పడింది. కొన్నేళ్ళకు ఆ జబ్బు మళ్ళీ వచ్చింది. రోగి పొక్కులోని రసి రవ్వంత తీసి, ఆరోగ్యంగా ఉన్నవారి చేతిమీద గాటుపెట్టి అంటిస్తే, కొద్దిపాటి జ్వరంతో గండం గడుస్తుందన్నాడు ఆస్థాన వైద్యుడు. ఎక్కడో ఒకరు పోవడమూ కద్దని కూడా అన్నాడు. మంత్రి ఆ చివరిమాట మింగేసి, ఇందులో ఏ ప్రమాదమూ లేదు, పిల్లలందరికీ చేయించండని చాటింపు వేయించాడు. జనం నమ్మక తలుపులు బిగించుకున్నారు. సైనికులను పంపుదామన్నాడు మంత్రి.

రాణి ఒప్పుకోలేదు. అంగడివీధిలో కుర్చీ వేయించుకుని, అందరూ చూస్తుండగా తానే చెయ్యి చాపింది. వారం తిరిగేసరికి ఒళ్ళు కాలిపోయింది. భర్త ఆఖరి రోజులు కళ్ళముందు మెదిలి, దుప్పటి ముసుగేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చివరికి జ్వరం దిగింది, పొక్కులు మాడాయి. వెళ్ళి మళ్ళీ ఆ వీధిలోనే కూర్చుంది. అయినా ఎవరూ దగ్గరికి రాలేదు.

ఆఖరికి బట్టలుతికే బెర్తా కొడుకును చంకనేసుకుని వచ్చింది.

"మీకు భయం వెయ్యలేదా అమ్మగారూ?"

లేదనమని మంత్రి కళ్ళతోనే సైగ చేశాడు. రాణికీ ఆ మాటే నోటిదాకా వచ్చింది. కానీ ఆ తల్లి మొహం చూస్తూ అనలేకపోయింది.

"వేసింది. చచ్చిపోతాననుకున్నాను, ఏడ్చాను. నీ బిడ్డకు ఏమీ కాదని ఒట్టేసి చెప్పలేను. నాకే బిడ్డ ఉంటే మాత్రం చేయిస్తాను."

బెర్తా పిల్లాణ్ణి చంకలోంచి దింపింది. తర్వాత కొడుకు చొక్కా చెయ్యి పైకి మడిచింది. "వీణ్ణి కాస్త పట్టుకోండమ్మా, నా చేతులు వణుకుతున్నాయి" అంది. రాణి పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది.

వాడికీ జ్వరం వచ్చింది, తగ్గింది. వాడు లేచి ఆడుకుంటున్నాడని తెలిసిన పొద్దున, బిడ్డల తల్లులతో అంగడివీధి కిటకిటలాడిపోయింది. భర్త పోయాక ఆ రోజే రాణి కడుపునిండా తిని, ఆదమరచి నిద్రపోయిందట.

వింటున్న చిదంబరయ్యకు గుండెలమీది బరువు కొంత దిగినట్టయింది. "అంటే స్వామీ..." అని ఏదో అనబోయాడు.

స్వామి ఆకులు పక్కకు జరిపారు.

"ఆవిడ సంగతి అయిపోయింది నాయనా. ఇంతకూ నీకు దేనికి భయమో చెప్పు."